ఒక గుంట - మూడు చదువులు

తోటపల్లి గూడూరు: గట్టుకు ఒకవైపు వరి. మరోవైపు రొయ్యల గుంట. ఆవల పర్ర భూములు, ఉప్పుటేరు, సముద్రం. మండలంలోని తూర్పు గ్రామాలకు పోయేవారికి ఇది రోజూ కనబడేదే. ఈ గట్టు మీదికి అప్పుడప్పుడూ కొత్త ముఖాలు వస్తుంటాయి. ఒకరు సీసాతో నీళ్లు ముంచుకుని పోతారు. మరొకరు మేత ఎన్ని బస్తాలు పట్టింది, కరెంటు బిల్లు ఎంత వచ్చింది, ఏ కౌంటుకు ఏ ధర పలికింది అని రాసుకుని పోతారు. ఇంకొకరు గుంట వైపు చూడకుండా నేరుగా యానాది కాలనీకి వెళ్లి, గుంటలు రాకముందు ఏ పని చేసేవారు, ఇప్పుడు ఏ పనికి పోతున్నారు అని అడుగుతారు.

ఊరివారి దృష్టిలో ఈ ముగ్గురూ ఒకటే. అందరూ ‘సర్వే వాళ్లే’. రుణం వస్తుందేమోనని కొందరు ఆశపడతారు. పన్ను వేస్తారేమోనని కొందరు భయపడతారు. నిజానికి ఆ ముగ్గురూ మూడు వేర్వేరు చదువులకు చెందినవారు. మొదటివారిది విజ్ఞానశాస్త్రం. రెండోవారిది వ్యాపార, ఆర్థిక శాస్త్రం. మూడోవారిది సమాజశాస్త్రం. చూసే గుంట ఒకటే అయినా అడిగే ప్రశ్నలు వేరు, చెప్పే జవాబులు వేరు. ఈ మూడు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవలసినది మాత్రం ఆ గట్టు మీద బతికే ఊరే.

ఇంటి పక్కనే పరిశోధన

పరిశోధన అంటే ఎక్కడో అమెరికాలో, కాకుంటే ఢిల్లీలో జరిగేదని చాలామంది అనుకుంటారు. తోటపల్లి గూడూరు విషయంలో అది నిజం కాదు. నెల్లూరులోని వ్యవసాయ పరిశోధన కేంద్రం 1937 నాటిది. దక్షిణాన పక్క మండలమైన ముత్తుకూరులో 1991లో మత్స్యశాస్త్ర కళాశాల వెలిసింది. 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కాకుటూరులో ఉంది. సముద్ర జీవశాస్త్రం, వ్యాపార నిర్వహణ, సామాజిక సేవ శాఖలు ఆ ఒక్క ఆవరణలోనే ఉన్నాయి. ఉప్పునీటి చేపలు, రొయ్యల మీద పరిశోధనకు కేంద్ర ప్రభుత్వం 1987లో మద్రాసులో ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. ‘సీబా’ అని పిలిచే ఆ సంస్థ శాస్త్రవేత్తలకు నెల్లూరు తీరం కొత్త కాదు.

ఇన్ని సంస్థలకు ఈ తీరంతో పని పడటానికి కారణం ఉంది. 1990 దశకం మొదట్లో జిల్లా తీరంలో రొయ్యల సాగు ఒక్కసారిగా ఊపందుకుంది. పనికిరాదనుకున్న పర్ర భూమికి ధర వచ్చింది. కొన్నిచోట్ల మాగాణి కూడా గుంటలుగా మారింది. పెట్టుబడులు పెట్టడానికి పెద్ద కంపెనీలు వచ్చాయి. వడ్డీకి తెచ్చి గుంట తవ్వినవారూ తక్కువ కాదు. ఆనాటి పంట టైగర్ రొయ్య. అప్పుడు దానిని ‘నీలి విప్లవం’ అన్నారు. ఆ సంబరం మూడు నాలుగేళ్లకే చెదిరింది.

సీసాలో నీళ్లు

1994 చివరిలో తెల్లమచ్చల తెగులు వచ్చి పడింది. నిన్నటిదాకా మేత బాగా తిన్న రొయ్యలు మేత మానేశాయి. గట్టు వెంట నీటి పైభాగానికి వచ్చి నీరసంగా తిరిగాయి. తల పెంకు తీసి చూస్తే తెల్లని చుక్కలు. వారం, పది రోజులు తిరిగేసరికి గుంటకు గుంటే ఖాళీ. నీళ్లు మార్చినా, సున్నం చల్లినా, దుకాణాల్లో చెప్పిన మందులన్నీ పోసినా ఫలితం లేకపోయింది.

ఆ తెగులుకు కారణం ఒక వైరస్ అని శాస్త్రవేత్తలు తేల్చారు. అంతకు ఒకటి రెండేళ్ల ముందు చైనా, తైవాన్, జపాన్ ప్రాంతాల్లో అది గుంటలను ఖాళీ చేసి ఉంది. మనిషికి దాని వల్ల హాని లేదు. కానీ రొయ్యకు పట్టిందంటే నయం చేసే మందు లేదు. సీడ్ ద్వారా వస్తుంది, నీటి ద్వారా వస్తుంది, పీతల ద్వారా కూడా వస్తుంది. ఈ మాటలు ఇప్పుడు గట్టు మీద ఎవరిని అడిగినా చెబుతారు. అవి మొదట ప్రయోగశాలల్లో కష్టపడి తెలుసుకున్న సంగతులు.

కంటికి కనబడని వైరస్‌ను సీడ్‌లో పట్టుకోవడమెలా? ఇక్కడ అక్కరకు వచ్చింది పీసీఆర్ పరీక్ష. 1983లో అమెరికా శాస్త్రవేత్త కేరీ మలిస్ కనిపెట్టిన పద్ధతి ఇది. 1993లో ఆయనకు దీనికే నోబెల్ బహుమతి దక్కింది. ఏదైనా జీవి జన్యుపదార్థం రవంత దొరికినా దానిని లక్షల రెట్లు పెంచి చూపించడం ఇందులోని కిటుకు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఊరూరా ముక్కులో పుల్ల పెట్టి చేసింది కూడా ఇదే కుటుంబానికి చెందిన పరీక్ష. నాడు గుంటలో పోసే రొయ్య పిల్లకు చేసిన పరీక్షనే పాతికేళ్లకు మనిషికీ చేశారన్నమాట. ఆ పద్ధతిని కనిపెట్టిన నాడు రొయ్యల గుంట గానీ, కరోనా గానీ ఎవరి ఊహలోనూ లేవు. ఒక విషయం మీద జరిగిన పరిశోధన ఎక్కడెక్కడికి పోయి ఎవరికి అక్కరకు వస్తుందో ముందుగా చెప్పడం కష్టమనడానికి ఇదొక ఉదాహరణ.

అయితే పరీక్ష ఒక్కటే సరిపోలేదు. పరీక్షించిన సీడ్ పోసిన గుంటలూ కొన్ని పోయాయి. పరీక్షించనివి కొన్ని నిలిచాయి. ఎందుకలా? దీనికి జవాబు ప్రయోగశాలలో దొరకదని, రైతుల గుంటల దగ్గరే వెతకాలని నిర్ణయించారు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ‘ఎంపెడా’, బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఆసియా-పసిఫిక్ దేశాల ఆక్వా సంస్థ ‘నాకా’ కలిసి 2000 సంవత్సరం ప్రాంతంలో పశ్చిమ గోదావరి, నెల్లూరు జిల్లాల్లో 365 గుంటలను ఎంచుకుని పంట మొదటి నుంచి చివరి వరకు గమనించాయి. అడుగు బురద తీశారా, లేదా? నీళ్లు వడకట్టి పెట్టారా, లేదా? సీడ్ ఏ నెలలో పోశారు? పక్క గుంట నీళ్లు ఇందులోకి వచ్చాయా? ఇలా ప్రతి ఒక్కటీ రాసుకున్నారు.

తేలిందేమంటే, వైరస్ కనబడినంత మాత్రాన ప్రతి గుంటా పోలేదు. నష్టం అనేక కారణాలు కలిస్తే వస్తోంది. నల్ల బురద తీసి దున్నిన గుంట, వడకట్టిన నీళ్లు, పరీక్షించిన సీడ్, తగినంత నీటి లోతు, ఇవన్నీ కలిస్తే ముప్పు తగ్గుతోంది. అన్నిటికంటే ముఖ్యమైన మాట మరొకటుంది. ఒక రైతు ఎంత జాగ్రత్తపడినా పక్కవాడు తెగులు సోకిన నీళ్లు అర్ధరాత్రి కాలువలోకి వదిలితే ఫలితం ఉండదు. అందుకే ఒకే కాలువ మీద ఉన్న రైతులంతా కలిసి ఒకేసారి సీడ్ పోయాలని, తెగులు సోకిన గుంట నీళ్లు వదిలే ముందు చుట్టుపక్కల వారికి చెప్పాలని సిఫారసు చేశారు. 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు రైతులు సంఘంగా ఏర్పడి ఇలా చేసి చూశారు. ఆ ఫలితాలను చూసే ఇటువంటి రైతు సంఘాలను పెంచడానికి 2007లో ‘నాక్సా’ అనే జాతీయ సంస్థను ఏర్పాటు చేశారు.

వైరస్‌ను వెతుకుతూ బయలుదేరిన శాస్త్రం చివరికి ఇరుగుపొరుగు సఖ్యత దగ్గరికి వచ్చి ఆగింది. సీసాలో నీళ్లు ముంచుకుపోయే మనిషికి ఊరి తీరుతెన్నులు కూడా ఎందుకు కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

పద్దులో రొయ్య

2009లో వెనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చింది. అమెరికా ఖండపు తీరాల నుంచి వచ్చిన రకం ఇది. నిర్ణీత రోగాలు లేని తల్లి రొయ్యలను దిగుమతి చేసుకుని, మద్రాసులో కొంతకాలం విడిగా ఉంచి పరీక్షించాకే హేచరీలకు ఇవ్వాలని నియమం పెట్టారు. కొద్ది ఏళ్లలోనే టైగర్ వెనక్కు పోయి వెనామీ ముందుకు వచ్చింది.

తర్వాత మరో సమస్య తలెత్తింది. శాస్త్రవేత్తలు ‘ఈహెచ్‌పీ’ అని పిలిచే ఒక సూక్ష్మజీవి రొయ్య లోపల చేరి ఎదుగుదలను ఆపేస్తుంది. తెల్లమచ్చల తెగులు లాగా ఇది గుంటను ఒక్కసారిగా ఖాళీ చెయ్యదు. రొయ్య బతికే ఉంటుంది, మేత తింటూనే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. చెక్ ట్రే ఎత్తి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. నష్టం తెలిసేది పద్దు పుస్తకంలోనే.

వ్యాపారశాస్త్రం చదివినవారి పని ఇక్కడ మొదలవుతుంది. కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య అని అందరికీ తెలుసు. 100 కౌంటు అంటే రొయ్య బరువు 10 గ్రాములు. 50 కౌంటు అంటే 20 గ్రాములు. కౌంటు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఆ బరువు రావడానికి ఎన్ని రోజులు పట్టింది, ఎంత మేత ఖర్చయింది అనేది అసలు లెక్క. ఉదాహరణకు టన్ను రొయ్యకు ఒక రైతు 1,300 కిలోల మేత వాడాడనుకుందాం. పక్క గుంట రైతుకు 1,600 కిలోలు పట్టింది. తేడా 300 కిలోలు. కిలో మేత 90 రూపాయలు అనుకుంటే, టన్ను దగ్గరే 27,000 రూపాయలు తేడా వస్తుంది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే కౌంటు, ఒకే ధరకు అమ్మినా ఒకరికి లాభం, ఒకరికి అప్పు. చాలామంది రైతులు అమ్మిన ధరనే గుర్తుపెట్టుకుంటారు. మేత లెక్క వ్రాసిపెట్టుకునేవారు తక్కువ. ఎంత మిగిలిందో తెలియాలంటే రెండూ కావాలి.

ధర మన చేతిలో లేదన్నది మరో సంగతి. భారతదేశపు రొయ్యలను ఎక్కువగా కొనే దేశం అమెరికా. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం భారతదేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఆంధ్ర తీరంలోని గట్ల దాకా వచ్చింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే ఇక్కడ కొనుగోలుదారు ఏ కౌంటుకు ఎంత తగ్గిస్తాడు? ఎగుమతిదారు ఎంత భరిస్తాడు? రైతు మీద ఎంత పడుతుంది? దేశంలోనే ఎక్కువమంది రొయ్యలు తినేలా చేస్తే ఎంత ఉపశమనం? ఇవి వ్యాపార, ఆర్థిక శాస్త్రాల ప్రశ్నలు. వీటికి జవాబు సూక్ష్మదర్శినిలో కనబడదు.

కోర్టుకెక్కిన లెక్క

లాభనష్టాల లెక్క ఒక దశలో దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోయింది. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ తీరప్రాంతపు రొయ్యల సాగు మీద 1994లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. నిజానిజాలు చూసి రమ్మని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ని కోర్టు ఆదేశించింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు 1995లో ఆంధ్ర, తమిళనాడు తీరాలలో తిరిగి నివేదిక ఇచ్చారు.

అంతవరకు రొయ్యల లెక్క అంటే డాలర్లలో వచ్చిన రాబడి లెక్కే. ‘నీరి’ మరో గడి చేర్చింది. ఉప్పుపట్టిన భూమి, చెడిపోయిన మంచినీటి బావి, దారి మూసుకుపోయిన మత్స్యకారుడు, పోయిన కూలి పనిదినం, వీటికి కూడా ఖరీదు కట్టింది. అలా కట్టి చూస్తే వచ్చిన ఆదాయం కంటే జరిగిన నష్టమే ఎక్కువని తేల్చింది. మన జిల్లాలోని కుర్రు గ్రామంలో మత్స్యకారుల మంచినీటి బావులు పాడైన సంగతి కూడా ఆ కేసులో ప్రస్తావనకు వచ్చింది.

1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ ఎస్.సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. సంప్రదాయ పద్ధతి సాగును మినహాయించి, తీర నియంత్రణ ప్రాంతంలోని గుంటలను తొలగించాలని, వ్యవసాయ భూములను గుంటలుగా మార్చరాదని ఆ తీర్పు సారాంశం. దానితో తీరమంతా కలవరం పుట్టింది. అప్పుతెచ్చి గుంట తవ్వినవారు ఏమైపోవాలన్న ప్రశ్న లేచింది. రివ్యూ పిటిషన్లు పడ్డాయి. తీర్పు అమలు ఆగింది. చివరకు పార్లమెంటు 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. గుంటలకు రిజిస్ట్రేషన్, నిబంధనలు అప్పటి నుంచి ఆ చట్టం కింద నడుస్తున్నాయి.

ఎవరి వాదన ఒప్పు, ఎవరిది తప్పు అన్న చర్చ ఈనాటికీ ఉంది. ఒక పరిశోధక బృందం బావి నీళ్లకు ఖరీదు కట్టి చూపబట్టే ఆ చర్చకు ఒక ఆధారం ఏర్పడింది. అంతకుముందు ఆ బావి ఏ పద్దులోనూ లేదు.

గడపలో అడిగే ప్రశ్న

మూడో రకం పరిశోధకుడి చేతిలో సీసా ఉండదు, పద్దు ఉండదు. మాట్లాడి, విని రాసుకోవడమే ఆయన పని. ఇదేం శాస్త్రమని నవ్వేవారూ ఉన్నారు. కానీ జిల్లా చరిత్రలో ఈ శాస్త్రం చేసిన మేలు తక్కువది కాదు.

యానాదుల సంగతే తీసుకుందాం. ఉప్పుటేరులో చేత్తో పీతలు, రొయ్యలు పట్టడంలో, అడవి మూలికల గుర్తింపులో వారిది పెద్ద చెయ్యి. బ్రిటిష్ హయాంలో వారిని అనేకచోట్ల నేరస్థ తెగల చట్టం కింద చేర్చి, పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. నెల్లూరు ప్రాంతపు న్యాయవాది, సంఘసేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య వారి మధ్య తిరిగి, వారి ఆచారవ్యవహారాలు తెలుసుకుని, ఆ ముద్ర తొలగించడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డారు. ఆ చట్టం 1952లో రద్దయింది. యానాదుల మీద ఆయన వ్రాసిన ఆంగ్ల గ్రంథం 1962లో వెలువడింది. ఒక జాతి గురించి నిజం తెలుసుకుని వ్రాయడం ఆ జాతి బతుకును మార్చడానికి తోడ్పడుతుందని అది రుజువు చేసింది.

గుంటలు వచ్చాక యానాదుల బతుకు మరో మలుపు తిరిగింది. అందరిదీ అయిన ఉప్పుటేటి ఒడ్డుకు కంచె పడితే పీత పట్టుకునే చోటు తగ్గుతుంది. అదే సమయంలో గుంట కాపలా, పట్టుబడి కూలి వంటి కొత్త పనులు వస్తాయి. ఏది ఎంత పోయింది, ఏది ఎంత వచ్చింది, కూలి ఆడవారికి ఎంత, మగవారికి ఎంత అన్నది గుంట యజమాని పద్దులో దొరకదు. గడప ముందు కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

సారా వ్యతిరేక ఉద్యమం మరో ఉదాహరణ. అక్షరదీపం కార్యక్రమం కింద జిల్లాలో రాత్రిబడులు నడుస్తున్న కాలంలో దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992 నాటికి ఉద్యమం జిల్లాను ఊపేసింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో హైదరాబాదుకు చెందిన ‘అన్వేషి’ మహిళా పరిశోధన కేంద్రం వారు నెల్లూరు పల్లెల గురించి వ్రాసిన వ్యాసం 1993 జనవరిలో బొంబాయి నుంచి వెలువడే ఆర్థిక, రాజకీయ వారపత్రికలో అచ్చయింది. అంతకు కొద్ది నెలల ముందు అదే పత్రికలో కంచ ఐలయ్య వ్యాసం వచ్చింది. ఇల్లు గడవని ఆడవాళ్ల కోపంగా మాత్రమే పైకి కనబడినదాని వెనుక చదువు, కూలి, ఊరి రాజకీయం, సర్కారు ఆబ్కారీ రాబడి అన్నీ ఎలా పెనవేసుకుని ఉన్నాయో అటువంటి అధ్యయనాలు చర్చకు పెట్టాయి. విశ్వవిద్యాలయాల్లో నెల్లూరు మహిళల గురించి ఈనాటికీ చదువుతున్నారు.

దొరువు చెప్పిన పాఠం

చదువుకున్నవారు ఊరికి చెప్పడమే కాదు, ఊరి దగ్గర నేర్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఈ మండలంలోనే ముంగలదొరువు అనే ఊరుంది. దొరువు అంటే ఇసుక నేలలో తవ్వుకునే లోతు తక్కువ నీటి గుంత. సముద్రానికి అంత దగ్గరలో కూడా దొరువులో తియ్యటి నీళ్లు ఊరుతాయి. లోతు బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. ఈ సంగతి పెద్దలకు తరతరాలుగా తెలుసు.

దీనికి కారణాన్ని ఐరోపాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు చెప్పారు. 19వ శతాబ్దం చివరిలో హాలెండ్‌కు చెందిన గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్. వాన నీరు ఉప్పునీటి కంటే కొంచెం తేలిక. అందువల్ల ఇసుకలో దిగిన వాన నీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు పైన మంచినీరు ఉంటే, మట్టానికి దిగువన దాదాపు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుందని వారి లెక్క. ఇందులోనే ప్రమాదమూ ఉంది. పెద్ద మోటారు పెట్టి ఆ నీటిమట్టాన్ని ఒక అడుగు దించితే, అదే లెక్కన అడుగునుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు. దొరువు పైపైన ఊరే నీటినే తీసుకుంటుంది కనుక ఉప్పును కదిలించదు.

బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ పాత పద్ధతినే మెరుగుపరిచారు. మధ్యన ఒక బావి తవ్వి, దానికి నలువైపులా ఇసుకలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, పైనున్న తియ్యని నీటిని మాత్రమే రాబట్టే ‘మెరుగైన దొరువు’ను రూపొందించారు. తాతల నాటి తెలివికి లెక్క తోడయింది.

గుంటలో ఉప్పు తగ్గించడానికి బోరు నీళ్లు కలపరాదని తీర ఆక్వా సాగు మార్గదర్శకాలు చెప్పడం వెనుక ఉన్నది కూడా ఈ 40 అడుగుల లెక్కే. ఒక గుంటవాడు తోడితే పోయేది వాడి నీళ్లు మాత్రమే కాదు. ఊరందరి దొరువు.

గట్టుకు ఈవల వరి

గుంటకు ఇవతల ఉన్న వరి కూడా పరిశోధన పంటే. నెల్లూరు అంటే ఒకప్పుడు మొలగొలుకులు. ఆ బియ్యం రుచి చెప్పుకోనివారు లేరు. తర్వాతి కాలంలో నెల్లూరు పరిశోధన కేంద్రం నుంచి అనేక రకాలు వచ్చాయి. వాటిలో ఎన్‌ఎల్‌ఆర్ 34449 రైతులకు బాగా తెలిసినది. దానికే నెల్లూరు మసూరి అని పేరు. ఫిలిప్పైన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు చెందిన ఐఆర్ 72ను, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి బీపీటీ 5204ను సంకరపరచి దీనిని రూపొందించారు. సాంబ మసూరి గింజ సన్నం, అన్నం బాగు, కానీ అగ్గితెగులుకు లొంగిపోతుంది. గింజ సన్నంగా ఉండాలి, తెగులును తట్టుకోవాలి. ఈ రెండూ ఒక్క విత్తనంలో చేర్చడానికి తరం తర్వాత తరం మొక్కలను పెంచి, మంచివి ఏరి, మళ్లీ నాటుతూ పోవాలి. దీనికి ఏళ్లు పడుతుంది. నేడు పుట్టి 850 కిలోల లెక్కన అమ్ముకునే రైతు సంచిలో ఆ ఏళ్ల శ్రమ కూడా ఉంది.

అయితే ఆ విత్తనం కూడా ఉప్పు పట్టిన నేలలో అంత పంట ఇవ్వలేదు. పెన్నా డెల్టా కాలువల చివరి భూములకు తియ్యని నీరు అందకపోతే, పక్క గుంట నుంచి ఉప్పు ఊట వస్తే, విత్తనం మీద చేసిన శ్రమ వృథా. వరి శాస్త్రజ్ఞుడికి నీటి శాస్త్రజ్ఞుడు, ఇద్దరికీ గుంట లెక్క వేసేవాడు, ముగ్గురికీ ఊరి మాట వినేవాడు అవసరమయ్యేది ఇక్కడే.

జవాబు ఊరికి రావాలి

ఇంతా చెప్పాక ఒక లోటు మిగిలిపోయింది. గట్టు మీదికి వచ్చి నీళ్లు, లెక్కలు, మాటలు పట్టుకుపోయినవారు తేలిన ఫలితాన్ని తిరిగి వచ్చి చెప్పడం అరుదు. పట్టాకోసం వ్రాసిన సిద్ధాంత గ్రంథాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. ఇప్పుడు వాటిలో అనేకం ‘శోధ్‌గంగ’ అనే జాతీయ భాండారంలో ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకునేలా పెట్టారు. కానీ తన గుంట నీళ్ల గురించి అందులో ఏముందో రొయ్యల రైతుకు, తన కూలి గురించి ఏముందో యానాది మహిళకు తెలిసే దారి లేదు. 365 గుంటల అధ్యయనంలో తేలిన మాట రైతు సంఘాల దాకా వచ్చింది కాబట్టే అక్కరకు వచ్చింది. అలా ఊరికి రాని పరిశోధన బీరువాలో ఉన్న విత్తనం వంటిది.

దీనికి ఖర్చులేని మార్గాలున్నాయి. వచ్చినవారిని ఊరివారు నాలుగు మాటలు అడగవచ్చు. ఏ సంస్థ నుంచి వచ్చారు? ఏమి తెలుసుకోవడానికి వచ్చారు? మా పేర్లు బయటకు వస్తాయా? ఫలితం మాకు ఎప్పుడు, ఏ భాషలో చెబుతారు? ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. నిజమైన పరిశోధకులెవరూ దీనికి నొచ్చుకోరు. సమాధానం చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనని అనే హక్కు కూడా ఊరివారికి ఉంది.

తేలిన సంగతులను తెలుగులో రెండు పేజీలుగా వ్రాసి పంచాయతీ కార్యాలయంలో ఒక ప్రతి ఉంచితే, గ్రామసభలో చదివి వినిపిస్తే ఎంతో మేలు. ముత్తుకూరు కళాశాల, కాకుటూరు విశ్వవిద్యాలయం, నెల్లూరు వరి పరిశోధన కేంద్రం మూడూ దగ్గరివే కనుక ఏడాదికి ఒకసారి వారందరినీ ఒకే వేదిక మీదకు పిలిచి, గుంట, వరి, దొరువు మూడింటి గురించీ ఒకే రోజు మాట్లాడించడం అసాధ్యమేమీ కాదు. నీటి సంగతి ఒకరు, లెక్క ఒకరు, మనుషుల సంగతి ఒకరు వేర్వేరు రోజుల్లో చెబితే ఎవరికి వారే యమునా తీరే అవుతుంది.

గట్టు మీద నిలబడి చూస్తే వరి, గుంట, ఉప్పుటేరు మూడూ ఒక్క చూపులోనే కనబడతాయి. వాటి మీద జరిగిన చదువు కూడా ఊరికి అలాగే ఒక్కచోట కనబడే ఏర్పాటును సంబంధిత సంస్థలు, పంచాయతీలు కలిసి చేస్తే, రేపు కొత్త ముఖం గట్టెక్కినప్పుడు సర్వే వాళ్లు వచ్చారని తప్పుకునే బదులు, పోయినసారి తీసుకుపోయిన నీళ్ల సంగతి ఏం తేలిందని రైతే ముందుగా అడగగలుగుతాడు.